కొత్త ప్రాసెసర్ మీద పాత గీతలు

పాతిక వేలో ముప్ఫై వేలో పోసి ప్రాసెసర్ కొంటాం. పెట్టె తెరిచి, అంచులు పట్టుకుని వెలుతురులో తిప్పి చూస్తే అడుగున బంగారు పూత చుక్కల మీద సన్నటి గీతలు కనిపిస్తాయి. దాదాపు ప్రతి చుక్కకీ ఒక గాటు. ఎవరో బిగించి, వాడుకుని, తీసేసిన దాన్ని మనకు అంటగట్టారేమోనని మనసు కలుక్కుమంటుంది. అనుమానించడంలో తప్పు లేదు, అలాంటి మోసాలు నిజంగానే జరుగుతున్నాయి. కానీ ఆ గీతలనే సాక్ష్యంగా చూపించి షాపు వాళ్లతో వాదనకు దిగితే నిలబడలేం.

కారణం ఫ్యాక్టరీలోనే ఉంది. ఒకప్పుడు ప్రాసెసర్ అడుగున పిన్నులు ఉండేవి. ఇంటెల్ 2004లో ఎల్‌జీఏ 775 సాకెట్‌తో డెస్క్‌టాప్ ప్రాసెసర్ల పిన్నులను మదర్‌బోర్డు మీదికి మార్చేసింది. ఏఎండీ తన మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ల విషయంలో ఆ పని 2022లో, ఏఎం5 సాకెట్‌తో చేసింది. ఈ సాకెట్ల ప్రాసెసర్ల కింద మిగిలినవి చదునైన లోహపు చుక్కలే. ఎల్‌జీఏ 1700లో అవి 1700, ఏఎం5లో 1718. సాకెట్‌లోని పిన్ను స్ప్రింగులా వంగి, కాస్త ఒరుసుకుంటూ చుక్కకు ఆనుతుంది. గాటు పడేది అప్పుడే. తయారైన చిప్‌లను అమ్మకానికి పంపే ముందు కంపెనీ కూడా వాటిని పరీక్ష సాకెట్లలో పెట్టి నడిపి చూస్తుంది. అందుకే ఎవరూ వాడని, సీలు విప్పని ప్రాసెసర్ మీద కూడా గీతలు ఉంటాయి.

థర్మల్ పేస్టు సంగతి వేరు. అది వేడిని కూలర్‌కు అందించడానికి మనం బిగించేటప్పుడు రాసేది. కొత్త ప్రాసెసర్ లోహపు మూత మీద అది ఉండదు. వాడిన దాన్ని ఎంత తుడిచినా మూత అంచు కింద, చెక్కిన అక్షరాల లోతుల్లో బూడిదరంగు మరక మిగిలిపోతుంది. ఏఎం5 ప్రాసెసర్ల మూతకు చుట్టూ గంట్లు ఉంటాయి, వాటి మధ్య చిన్న చిన్న కెపాసిటర్లు ఉంటాయి. పేస్టు అక్కడ చేరిందంటే పూర్తిగా తీయడం చాలా కష్టం. భూతద్దం ఉంటే ముందు అక్కడే చూడాలి. ఏఎం5కు ముందున్న ఏఎం4 సాకెట్ ప్రాసెసర్లకు మాత్రం అడుగున 1331 పిన్నులు ఉన్నాయి. గట్టిపడిన పేస్టు వల్ల కూలర్ లాగితే ప్రాసెసర్ కూడా దానితో ఊడివచ్చి పిన్నులు వంగిపోవడం మామూలే. వంగిన వాటిని సరిచేసినా, పక్క నుంచి వరుసల వెంబడి చూస్తే ఒకటో రెండో బారు తప్పి కనిపిస్తాయి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మీటరు రీడింగు చూస్తాం. ప్రాసెసర్‌లో మనం చదవగలిగే అలాంటి మీటరు లేదు. హార్డ్ డిస్కుకు ఉంది. ఎన్ని గంటలు నడిచిందో అది లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్కను కూడా చెరిపేస్తారని 2025 ఆరంభంలో బయటపడింది. కొత్తవని చెప్పి అమ్మిన సీగేట్ డిస్కులు కొన్ని అంతకుముందే వేల గంటలు నడిచినవని తేలింది. మామూలుగా కనిపించే లెక్కను సున్నా చేసినవాళ్లు, డిస్కు లోపల వేరేచోట ఉన్న మరో లెక్కను చెరపలేదు. దొంగతనం దొరికింది అలా. ప్రాసెసర్ విషయంలో ఆ ఆశ లేదు. సీపీయూ-జెడ్ లాంటి ప్రోగ్రాములు మోడల్ ఏదో, ఎన్ని కోర్లో చెబుతాయి. నకిలీని పట్టుకోవడానికి అది చాలు. వాడారా లేదా అన్నది వాటికి తెలియదు. 1999లో పెంటియం 3 వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ చదవగలిగే సీరియల్ నంబరును ఇంటెల్ ప్రాసెసర్‌లోనే పెట్టింది. దానితో జనం మీద నిఘా పెట్టొచ్చని గోప్యత కోసం పోరాడే సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. తర్వాతి ప్రాసెసర్లలో కంపెనీ దాన్ని మానేసింది. వాళ్ల భయం న్యాయమైనదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను, కొనుగోలుదారుకు పనికొచ్చే ఒక ఆధారం దానితో పోయినా సరే.

ఒకచోట మాత్రం ప్రాసెసర్ తన గతాన్ని దాచుకోలేదు. ఏఎండీ ఎపిక్, రైజెన్ ప్రో ప్రాసెసర్లలో ఒక భద్రతా ఏర్పాటు ఉంది. కంప్యూటర్ తయారీ కంపెనీ దాన్ని వాడుకుంటే చిప్ లోపలి ఫ్యూజులు శాశ్వతంగా మారిపోయి, ఆ ప్రాసెసర్ ఆ కంపెనీ బోర్డులకే కట్టుబడిపోతుంది. మరో కంపెనీ బోర్డులో పెడితే కంప్యూటర్ లేవదు. కొత్తదని కొన్న ఎపిక్ ఇలా మొరాయిస్తే, అంతకుముందు అది వేరే సర్వర్‌లో పనిచేసి ఉండొచ్చు.

వాడిన సరుకు కొత్త పెట్టెలోకి ఎలా వస్తుంది? ఒక దారి, వాపసు. ఒకరు కొత్తది తెప్పించుకుని, పెట్టెలో పాతది పెట్టి తిప్పి పంపుతారు. గోదాంలో ఎవరూ విప్పి చూడకపోతే అది మరొకరి ఇంటికి చేరుతుంది. 2017లో రైజెన్ 7 1700 కోసం డబ్బు కట్టిన కొందరికి, మూత మీద రైజెన్ అని స్టిక్కరు అంటించిన పాత ఇంటెల్ సెలరాన్లు వచ్చాయి. పిన్నులు ఉండాల్సిన చోట చదునైన చుక్కలు ఉండటంతో ఆ మోసం వెంటనే తెలిసిపోయింది. అదే మోడల్ పాత ముక్క పెడితే అంత తేలిగ్గా తెలియదు. రెండో దారి ట్రే ప్రాసెసర్లు. ఇవి కంప్యూటర్లు తయారుచేసే వాళ్లకు పెట్టె, కూలర్ లేకుండా వెళ్లే సరుకు. ట్రే ప్రాసెసర్ అన్నంత మాత్రాన వాడినది కాదు. అయితే పెట్టెతో వచ్చే మూడేళ్ల కంపెనీ వారంటీ దానికి వర్తించదు, అమ్మినవాళ్ల మీదే ఆధారపడాలి. విప్పేసిన ఆఫీసు కంప్యూటర్ల నుంచి తీసినవి కూడా ట్రే సరుకు పేరుతో ఇందులో కలిసిపోయే అవకాశం ఉంది.

అసలు వాడితే మాత్రం ఏమవుతుంది? మామూలు వోల్టేజీలో నడిచిన ప్రాసెసర్‌కు రెండు మూడేళ్ల వాడకం పెద్ద లెక్కలోకి రాదు. అరుగుదల ఉంటుంది. కరెంటు ప్రవాహం సన్నటి తీగల్లోని లోహపు అణువులను మెల్లగా నెట్టుకుపోతుంది. వేడి, కరెంటు పెరిగేకొద్దీ ఆయుష్షు ఎలా తగ్గుతుందో చెప్పే సూత్రాన్ని మోటరోలాలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ 1969లోనే రాశాడు. అయినా చాలా కంప్యూటర్లలో ప్రాసెసర్ కంటే ముందు మిగతావే పోతాయి. పాతదని చెప్పి, పాత ధరకు అమ్మితే నేనైతే సంతోషంగా కొంటాను.

ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల దగ్గర ఈ ధీమా చెల్లదు. కోర్ ఐ9-13900కె, 14900కె లాంటివి కొన్నవాళ్లను ఆటల మధ్యలో కంప్యూటర్ ఆగిపోవడం చాలాకాలం వేధించింది. వీడియో మెమరీ చాలలేదని తెర మీద వచ్చేది, జనం గ్రాఫిక్స్ కార్డును తిట్టుకునేవారు. ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ తీసుకోవడమే కారణమని ఇంటెల్ 2024 జూలైలో చెప్పింది. ఆగస్టులో, మళ్లీ సెప్టెంబరులో మైక్రోకోడ్ సవరణలు ఇచ్చి, పెట్టెతో అమ్మినవాటికి వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఏ సవరణా బాగుచేయదు. సవరణకు ముందు ఏడాదిపాటు ఎవరి దగ్గరో నడిచిన ప్రాసెసర్, షాపులో పది నిమిషాల పరీక్షలో నెగ్గి, మన ఇంట్లో వారం తర్వాత మొరాయించవచ్చు. కొత్తదన్న మాటకు మనం చెల్లించే ధర వెనక ఉన్నది అలా జరగదన్న భరోసా.

కాబట్టి గీతల కంటే నంబర్లను నమ్మాలి. ఇంటెల్ పెట్టె లేబుల్ మీద బ్యాచ్ నంబరు, సీరియల్ నంబరు ఉంటాయి. బ్యాచ్ నంబరు ప్రాసెసర్ మూత మీద కూడా చెక్కి ఉంటుంది. రెండూ ఒకటే అయి ఉండాలి. బ్యాచ్, సీరియల్ నంబర్లు రెండూ కంపెనీ వారంటీ వెబ్‌సైట్‌లో కొడితే గడువు ఎప్పటివరకో తెలుస్తుంది. నిన్న కొన్నదానికి ఏడాదే మిగిలి ఉంటే గట్టిగా అడగాల్సిందే. ఏఎండీ ప్రాసెసర్‌లోనూ మూత మీది సీరియల్‌ను పెట్టె మీదిదానితో పోల్చాలి. ఇదంతా పేస్టు రాయకముందే జరగాలి. ఒకసారి కూలర్ బిగిస్తే అక్షరాలు కనబడవు, మన పేస్టు మరకే మన మీద సాక్ష్యమవుతుంది. సీలు కోసే క్షణం నుంచి ఆపకుండా వీడియో తీసుకోవాలి. సికింద్రాబాద్ పారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, బిల్లు మీద సీరియల్ నంబరు ఉండేలా చూసుకోవాలి.

పాత వస్తువును కొత్తదని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. వస్తువు బాగానే పనిచేస్తోందన్న జవాబు ఇక్కడ చెల్లదు. అమ్మినవాళ్లు వినకపోతే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అమ్మినవాళ్లు ఢిల్లీలో ఉన్నా ఫిర్యాదు మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు. రెండేళ్ల గడువు ఉంటుంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపయితే ఫీజు కూడా లేదు.