బెల్ట్ రంగు మారితే సరిపోదు.. గొంతు లేవాలి!

శనివారం పొద్దున్నే కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్ వైపు ఏ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కినా ఒక సీన్ కామన్. తెల్ల కరాటే డ్రెస్సు, నడుముకి పసుపో ఆరెంజో బెల్ట్, కళ్లలో ఇంకా వదలని నిద్ర. పక్కనే ఓ చేత్తో ఫోను, ఇంకో చేత్తో వాటర్ బాటిల్ పట్టుకున్న నాన్న. 1998లో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించినప్పుడు ఈ చుట్టుపక్కల ఎటు చూసినా రాళ్లూ గుట్టలే. ఇప్పుడు ఆ రాళ్ల స్థానంలో టవర్లు, టవర్ల కింద క్లబ్ హౌస్‌లు, వాటిలో కరాటే, తైక్వాండో, కిక్ బాక్సింగ్ క్లాసులు.

‘మా వాడికి కాస్త కాన్ఫిడెన్స్ రావాలండీ’.. చేర్పించేటప్పుడు దాదాపు ప్రతి అమ్మా నాన్నా చెప్పే మాట ఇదే. మరి నిజంగా వస్తుందా? వస్తే ఎలా వస్తుంది? మా అక్క తన కూతురికి మంచి క్లాసు వెతికే పని నాకు అప్పజెప్పింది. అలా కొన్ని వారాలు వీకెండ్ క్లాసుల్లో ఓ మూల కూర్చుని చూశాను. చూసిందీ, చదివిందీ కలిపి చెబుతున్నా.

అరవడమే మొదటి పాఠం

ఓ క్లాసులో ఎనిమిదేళ్ల పాప పంచ్ బాగానే విసురుతోంది. కానీ పంచ్‌తో పాటు వేయాల్సిన కేక మాత్రం రావడం లేదు. కరాటేలో దాన్ని ‘కియాయ్’ అంటారు. మాస్టారు దగ్గరికొచ్చి, ‘బిడ్డా, జెర జోర్‌గ అరువు.. ఆ గేటు దాకా ఇనబడాలె’ అన్నారు. పాప అటూ ఇటూ చూసింది. పెదాలు కదిలాయి గానీ, గొంతు లేవలేదు.

నాకు వెంటనే అర్థమైంది. మన కారిడార్ పిల్లలు ఇంట్లో రోజంతా వినే మాటేంటి? ‘ష్.. మెల్లగా! నాన్న కాల్‌లో ఉన్నారు’. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని టూ బీహెచ్‌కే ఫ్లాట్లలో ఓ తరం మొత్తం గుసగుసలతో పెరుగుతోంది. ఆ పాపకి నాలుగు వారాలు పట్టింది. నాలుగో వారం అరిచిన అరుపుకి వాచ్‌మన్ తలుపు తీసి తొంగి చూశాడు. ఆ రోజు ఆ పిల్ల ముఖం చూడాలి!

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లేనని ఎన్‌సీఆర్‌బీ లెక్కలు చెబుతున్నాయి. అంటే ప్రమాదం ఎక్కువగా వచ్చేది చీకటి సందులోని అపరిచితుడి నుంచి కాదు. పెద్ద మనిషి బలం ముందు ఎనిమిదేళ్ల పాప కిక్ ఏపాటిది? అక్కడ పనికొచ్చేవి మూడే.. ‘వద్దు’ అని గట్టిగా అనడం, అక్కడి నుంచి పరిగెత్తడం, నమ్మిన పెద్దవాళ్లకి చెప్పడం. మంచి మాస్టారు కిక్ కంటే ముందు ఈ మూడూ నేర్పుతారు. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు కూడా నోటికి వచ్చేలా చేస్తారు.

పడటం కూడా ఒక విద్యే

జూడోలో మొదట నేర్పేది ఎదుటివాణ్ని పడేయడం కాదు, దెబ్బ తగలకుండా తాను పడటం. జిగొరో కానో 1882లో టోక్యోలో జూడో మొదలుపెట్టారు. ఇప్పటికీ ఏ దేశంలో చేరినా మొదటి పాఠాల్లో ఇదొకటి. పడాలి, చాపని చేత్తో చరచాలి, లేవాలి. మళ్లీ పడాలి.

ఒలింపియాడ్, ఫౌండేషన్ కోర్సు, ర్యాంకుల మధ్య నలిగే పిల్లలకి ఇది చాలా అవసరం. ఓడిపోయినా ఆకాశం విరిగి మీద పడదని మాటలతో ఎంత చెప్పినా ఎక్కదు. చాప మీద యాభైసార్లు పడి లేచిన ఒంటికి మాత్రం తెలుస్తుంది.

మన నిఖత్ జరీన్‌నే చూడండి. నిజామాబాద్ అమ్మాయి. మొదట అథ్లెటిక్స్ చేసి, నాన్న ప్రోత్సాహంతో బాక్సింగ్‌లోకి వచ్చింది. 2011లో జూనియర్ ప్రపంచ చాంపియన్. 2017లో భుజం గాయం ఆమెని రింగ్‌కి దూరం చేసింది. అయినా 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ టైటిళ్లు గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకి చెందిన వూ యూ చేతిలో ప్రీక్వార్టర్స్‌లోనే ఓడింది. ఆ తర్వాత మళ్లీ గ్లోవ్స్ తొడుక్కుంది. పిల్లలకి ఆమె పతకాల కథ ఒక్కటే చెబితే సగం చెప్పినట్టే.

ఒకే కిక్.. రెండు ఫలితాలు

‘ఫైటింగ్ నేర్పితే పిల్లాడు రౌడీ అవుతాడేమో’.. ఇది బామ్మల భయం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. 1986లో మైఖేల్ ట్రల్సన్ అనే పరిశోధకుడి అధ్యయనం ఒకటి వచ్చింది. దారి తప్పిన టీనేజ్ కుర్రాళ్లని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ధ్యానం, గౌరవం, క్రమశిక్షణతో కూడిన సంప్రదాయ తైక్వాండో. రెండో గుంపుకి కేవలం ఫైటింగ్. మూడో గుంపుకి పరుగు లాంటి వ్యాయామాలు. ఆరు నెలల తర్వాత చూస్తే మొదటి గుంపులో దూకుడు తగ్గి, ఆత్మవిశ్వాసం పెరిగింది. ఫైటింగ్ ఒక్కటే నేర్చుకున్నవాళ్లలో దూకుడు ఇంకా పెరిగింది!

2004లో అమెరికాలోనే లేక్స్, హోయ్ట్ అనే ఇద్దరు పరిశోధకులు స్కూలు పిల్లలపై మరో అధ్యయనం చేశారు. మామూలు పీఈటీ క్లాసుకి వెళ్లినవాళ్ల కంటే తైక్వాండో చేసినవాళ్లలో స్వీయ నియంత్రణ బాగా మెరుగుపడింది. అంటే కిక్ కంటే ఆ కిక్ చుట్టూ ఏం నేర్పుతున్నారన్నదే ముఖ్యం.

కరాటే బడిలోకి వచ్చిందే ఈ ఆలోచనతో. 1900ల మొదట్లో ఒకినావాలో ఇతోసు అనే గురువు బడి పిల్లలకి తగ్గట్టు కరాటేని సులువు చేశారు. ఆయన రూపొందించిన కటాలనే మన పిల్లలు ఇవాళ ‘హెయాన్’ పేరుతో నేర్చుకుంటున్నారు. ఆ పేరుకి అర్థం ఏంటో తెలుసా? శాంతి!

స్టేటస్ కోసం బెల్టా?

మన దగ్గర సమస్య ఇక్కడే. మూడు నెలలకో పరీక్ష, పరీక్షకో ఫీజు, పాసైతే వాట్సాప్ స్టేటస్. కటా గుర్తులేని పిల్లాడికి కూడా రంగు మారిపోతోంది. కష్టపడకుండా వచ్చిన బెల్ట్ అని పెద్దవాళ్ల కంటే ముందు పిల్లాడికే తెలుస్తుంది. ఇక దాంతో వచ్చే కాన్ఫిడెన్స్ ఎంతసేపు నిలుస్తుంది?

అందుకే మీ ఇంట్లో చెల్లో, మేనల్లుడో ఉంటే చేర్పించే ముందు ఇవి చూడండి.

క్లాసు జరుగుతుంటే పెద్దవాళ్లని కూర్చుని చూడనిస్తున్నారా? తలుపులు మూసేస్తే వద్దు.

చెయ్యో కాలో సరిచేయడానికి పిల్లల్ని పట్టుకునే ముందు మాస్టారు అడుగుతున్నారా?

స్పారింగ్‌లో హెడ్ గార్డ్, గ్లోవ్స్ ఉన్నాయా? తలకి దెబ్బ తగిలితే ఆట ఆపుతున్నారా?

ఓడిన పిల్లాడితో ఎలా మాట్లాడుతున్నారు? అన్నిటికంటే ఇదే పెద్ద పరీక్ష.

క్లబ్ హౌస్ ఫీజు అందరికీ అందదు. అద్దం అవతల నిలబడి, లోపల పిల్లలు చేసేవన్నీ చేసి చూపించే వాచ్‌మన్ పిల్లల్ని చాలాచోట్ల చూశాను. జీహెచ్‌ఎంసీ ఏటా నిర్వహించే వేసవి శిబిరాల ఫీజు నామమాత్రమే. ప్రభుత్వ బడుల్లో ఆరో తరగతి నుంచి అమ్మాయిలకి సమగ్ర శిక్ష కింద ఆత్మరక్షణ శిక్షణ ఉంది. మీ వాచ్‌మన్ అన్నకి ఈ సంగతి చెప్పండి, ఫామ్ నింపడంలో సాయం చేయండి.

చివరిగా ఒక్క మాట. క్లాసులో ‘వద్దు’ అని అరవడం నేర్చుకున్న పాప, ఇంటికొచ్చిన అంకుల్‌కి ముద్దు పెట్టనంటే ‘తప్పు, పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదు’ అంటున్నామా? అలా అయితే ఎంత ఫీజు కట్టినా దండగే. ఆ ‘వద్దు’కి మొదట విలువ ఇవ్వాల్సింది మన ఇంట్లోనే.