మృదంగం వాళ్ళు రాలేదా?

మాది వీరులపాడు. నందిగామ నుంచి లోపలికొస్తే పత్తి చేలు, మిర్చి చేల మధ్య ఉంటుంది. ఆ రోజు కొరియర్ కుర్రాడు ఫోన్ చేసి "అన్నా, సెంటర్లో ఉన్నా, వచ్చి తీసుకెళ్లు" అన్నాడు. తెచ్చి విప్పితే లోపల లంచ్ బాక్సంత నల్లటి డబ్బా, దానికి ముందు వైపు ఒక గుండ్రటి నాబ్.

"ఏందిరా అది?" అంది అమ్మ.

"డాక్ అమ్మా. పాటలు బాగా వినపడేట్టు చేస్తుంది."

"ఇప్పుడు వినపడట్లేదా?"

సమాధానం దొరకలేదు. ధర అడిగితే సగమే చెప్పాను. ఇరవై వేలకు అటూ ఇటూ అయిందని మీకు మాత్రమే చెబుతున్నా.

చుక్కలు కలిపే చెయ్యి

డాక్ అంటే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో ఉండే పాట నిజానికి పాట కాదు, అంకెల పట్టీ. 1982లో సీడీలు వచ్చినప్పటి లెక్క ప్రకారం సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతను 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు మీద పెడతారు. ఎడమకు, కుడికి కలిపితే సెకనుకు 14 లక్షల పైచిలుకు బిట్లు.

ముగ్గుతో పోల్చుకుంటే సులువు. అంకెలు చుక్కలు. డాక్ ఆ చుక్కల మీదుగా గీత గీసే చెయ్యి. గీత మెట్లుమెట్లుగా వస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు, నున్నగానే వస్తుంది. 44,100 చుక్కలతో 22,050 హెర్ట్జ్‌కు లోపలున్న శబ్దాన్నంతా తిరిగి గీయొచ్చని గణితం చెబుతుంది. మనిషి చెవి వినేది మహా అయితే 20,000 వరకు. వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది.

ప్రతి ఫోన్లోనూ ఈ పని చేసే చిప్పు ఏదో ఒకటి ఉంటుంది. నేను కొన్న ఫియో కె7లో జపాన్ కంపెనీ ఏకేఎం వాళ్ళ చిప్పులు రెండున్నాయి, ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి. 2020 అక్టోబరులో నొబెయొకాలో ఆ కంపెనీ కర్మాగారం తగలబడితే ప్రపంచమంతా డాక్‌లకు కరువొచ్చింది. అలాంటి వస్తువు మా మెట్ట ఊళ్ళో, మంచం పక్కన స్టూలు మీదికి చేరింది.

మొదట విన్నది పాట కాదు

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాబ్ తిప్పగానే గుయ్యిమని సన్నటి మోత. ల్యాప్‌టాప్ చార్జర్ తీస్తే ఆగిపోతోంది, పెడితే మళ్ళీ మొదలు. డబ్బాదే తప్పనుకుని తిరిగి పంపించేద్దామనుకున్నా.

మా ఊరి ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గు చూసి, పెరట్లోకెళ్లి ఎర్త్ గుంట తవ్వాడు. వైరు తెగి ఎన్నేళ్లయిందో! మూడు పిన్నుల ప్లగ్గులో మూడో పిన్ను ఇన్నాళ్లూ ఊరికే ఉంది. కొత్త వైరు బిగించి, బొగ్గు, ఉప్పు వేసి, నాలుగు బిందెల నీళ్లు పోశాడు. మోత పోయింది. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జివ్వుమనడం కూడా పోయింది. డాక్ కొన్నందుకు అమ్మ మెచ్చుకుంది ఆ ఒక్క విషయంలోనే.

విన్నదేమిటంటే...

మొదట 'మాయాబజార్' (1957) పడవ పాట. ఘంటసాల, లీల గొంతులు తల మధ్యలో నిలబడ్డాయి. వాటి వెనక సన్నగా టేపు గరగర. డాక్ దాన్ని దాచలేదు, పైన మెరుగూ పెట్టలేదు. రికార్డులో ఏముందో అదే.

తర్వాత ఘంటసాల భగవద్గీత. 1974 ఫిబ్రవరిలో కన్నుమూయడానికి ముందు ఆయన రికార్డు చేసింది. శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య ఆయన ఊపిరి తీసుకోవడం దగ్గరగా వినపడింది. ఉదయం పూట గుడి మైకులో వేలసార్లు విన్నదే. అలసిన మనిషి పాడుతున్నాడని ఇన్నాళ్లూ తట్టలేదు.

'రోజా' (1992) పాటల్లో రెహమాన్ అడుగున పరిచిన బేస్ బిగువుగా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. అదే సినిమా పాట ఒకప్పుడు నందిగామ సెల్ షాపులో మెమరీ కార్డుకు ఎక్కించుకున్న ఎంపీ3లో పెడితే తాళాలు నీళ్లు చిమ్మినట్టు చెదిరిపోయాయి. ఫైలు చెడిందైతే ఇరవై వేల డబ్బా దాన్ని బాగుచేయదు.

మంచం మీద వెనక్కి వాలి, డబ్బులు వసూలైనట్టే అనుకున్నా. అప్పుడొచ్చాడు మా బావమరిది.

పరీక్షలో పదకొండు

"బావా, వెయ్యి రూపాయల లోపు ఫోన్ డాంగిల్‌కీ దీనికీ తేడా నిజంగా తెలుస్తుందా? కళ్ళు మూసుకుని చెప్పు చూద్దాం" అన్నాడు.

రోషమొచ్చింది. సరేనన్నా. ముందు రెండింటి శబ్దం సమానం చేయాలి. ఏది కొంచెం గట్టిగా మోగితే అదే బాగుందని మన చెవి మోసపోతుంది. 50 హెర్ట్జ్ మోత పెట్టి, ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటరు అరువు తెచ్చి, వోల్టేజీ సరిచూశాం. నా కళ్ళకు తువ్వాలు కట్టాడు. ఇరవైసార్లు మార్చి మార్చి వినిపించాడు.

పదకొండు కరెక్టు. నాణెం ఎగరేసినా పది వస్తాయి.

ఆ రాత్రి అన్నం సరిగ్గా సహించలేదు. తేడా అసలే లేదని చెప్పను. నా హెడ్‌ఫోన్స్ కాస్త బరువైనవి, 120 ఓమ్స్. నెమ్మదిగా రికార్డయిన కచేరీలకు డాంగిల్ ఫుల్లు పెట్టినా చాలదు. కె7 నాబ్ సగం కూడా తిప్పక్కర్లేదు. ఆ బలం నిజం. కానీ సమానమైన శబ్దం దగ్గర నేను విన్నాననుకున్న 'కొత్త ఊపిరి' డాంగిల్లోనూ ఉంది. ఇన్నాళ్లూ నేను కుదురుగా కూర్చుని వినలేదు, అంతే.

నాన్న వంతు

నాన్న రేడియో మనిషి. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఆయనకు ఇంట్లో మనిషి లాంటిది. ట్రాక్టరు మీద కూడా ట్రాన్సిస్టర్ కట్టుకుని తిరిగేవాడు. "ఒకసారి విను నాన్నా" అని హెడ్‌ఫోన్స్ పెట్టా. పడవ పాటకు తలూపాడు. సగంలో ఆపి, "ఫ్యాను ఆపరా" అన్నాడు. ఆపితే, "ఇప్పుడు బాగుంది. నీ డబ్బా కంటే ఫ్యాను ఆపడమే ఎక్కువ పనిచేసింది" అన్నాడు. నిజమే. ఈ హెడ్‌ఫోన్స్ వెనక తెరిచి ఉండే రకం, గదిలో మోతంతా లోపలికొస్తుంది.

తర్వాత స్టీరియోలో రికార్డు చేసిన ఒక కర్ణాటక కచేరీ పెట్టా. వేదిక మీద మృదంగం గాయకుడికి కుడి పక్కన, వయొలిన్ ఎడమ పక్కన కూర్చుంటారు. ఎదురుగా కూర్చున్న మనకు మృదంగం ఎడమ వైపు, వయొలిన్ కుడి వైపు. కీర్తన మొదలైంది. పల్లవి రెండుసార్లు తిరిగింది. నాన్న కళ్ళు తెరిచాడు.

"మృదంగం వాళ్ళు రాలేదా?"

నవ్వొచ్చింది. నేను పెట్టుకుని చూశా, మృదంగం మోగుతూనే ఉంది. ఎడమ వైపు తీగ ఊడిందేమోనని గట్టిగా నొక్కా. అనుమానమొచ్చి హెడ్‌ఫోన్స్ తిరగేసి పెట్టా.

"ఆఁ, ఇప్పుడొచ్చింది మృదంగం. ఫిడేలు ఏమైంది?"

నవ్వాగిపోయింది.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. అరుగు మీద ఎప్పుడూ ఎడమ చివరే కూర్చుని, వచ్చినవాళ్ళను కుడి పక్కన కూర్చోబెట్టుకోవడం. ఫోను కుడి చెవికే పెట్టడం. "పిలిస్తే పలకడు, లెక్కే లేదు" అని అమ్మ పదేళ్లుగా చేస్తున్న గొడవ. రెండేళ్ల కిందట, ఇంటి నుంచే పని చేసుకుంటాను, ఊరొచ్చేస్తానని నేను ట్రాక్టరు పక్కన నిలబడి చెప్పినప్పుడు ఆయన ఏమీ అనలేదు. ఇష్టం లేదనుకుని చాలా రోజులు ముభావంగా ఉన్నా. ఏ పక్కన నిలబడ్డానో గుర్తు తెచ్చుకుంటే ఎడమ పక్కే. అసలు విన్నాడో లేదో ఇప్పటికీ అడగలేదు.

రేడియోలో ఎందుకు బయటపడలేదంటే, ఒకే పెట్టెలోంచి వచ్చే శబ్దం ఒక్క చెవితోనూ పూర్తిగానే వినపడుతుంది. పడవ పాట మోనో రికార్డింగు కాబట్టి రెండు వైపులా అదే. పాటను ఎడమ, కుడిగా విడదీసిన రోజే చెవి సంగతి తెలిసింది.

విజయవాడలో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాం. గుబిలి కాదన్నారు. గాజు గదిలో కూర్చోబెట్టి 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా వినికిడి పరీక్ష చేశారు. ఎడమ చెవి గీత 4,000 దగ్గర గోతిలో పడ్డట్టు ఉంది. "ట్రాక్టరు తోలేవారా?" అని అడిగారు డాక్టరు. ముప్ఫై ఏళ్లు. వెనక నాగలి ఎలా పోతోందో చూడ్డానికి కుడి భుజం మీదుగా తిరిగితే ఎడమ చెవి ఇంజను వైపుకు వస్తుందట. ఒక్క చెవే తగ్గితే వేరే కారణాలూ ఉండొచ్చని స్కాన్ కూడా తీయించారు. దేవుడి దయవల్ల అందులో ఏమీ లేదు.

"స, శ, త లాంటి అక్షరాలు పై ధ్వనుల్లో ఉంటాయి. అవి పోతే మాట వినపడుతుంది, అర్థం కాదు. అందుకే కసురుకుంటారు" అన్నారు డాక్టరు. అమ్మ తల దించుకుంది.

మీరూ కొనాలనుకుంటే

ముందు మంచి ఫైలు, తర్వాత మంచి హెడ్‌ఫోన్స్, ఆ తర్వాత నిశ్శబ్దమైన గది, సరైన ఎర్తింగు. ఇవన్నీ అయ్యాక చేతిలో డబ్బులుంటే అప్పుడు డాక్. కొనేముందు శబ్దం సమానం చేసి, కళ్ళు మూసుకుని పోల్చండి. ఇంట్లో పెద్దవాళ్ళకు స్టీరియో పాట ఒకటి పెట్టి, ఎడమ కుడి మార్చి వినిపించండి. అది వైద్య పరీక్ష కాదు. కానీ తేడా కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఆ మాత్రం కారణం చాలు.

నాన్నకు ఇప్పుడు ఎడమ చెవికి మిషను పెట్టాం. అందులోనూ ఇదే పని జరుగుతుంది. బుల్లి మైకు పట్టిన శబ్దం అంకెలవుతుంది, తగ్గిన చోట పెరిగి, మళ్ళీ శబ్దమై చెవిలోకి వెళ్తుంది. నా డబ్బా కంటే అది ఖరీదు. దానికి మాత్రం అమ్మకు పూర్తి ధర చెప్పా, ఒక్క మాట అనలేదు.

మొన్న సాయంత్రం ఫ్యాను ఆపి అదే కచేరీ మళ్ళీ పెట్టా, ఈసారి హెడ్‌ఫోన్స్ లేకుండా స్పీకర్లలో. తని ఆవర్తనం వచ్చింది. నాన్న తొడ మీద తాళం వేస్తున్నాడు. వంటింట్లోంచి అమ్మ మెల్లగా "కాఫీ తాగుతావా?" అంది.

"తాగుతా. చక్కెర తక్కువెయ్యి" అన్నాడు నాన్న, తల తిప్పకుండానే.