తాళంచెవి ఎవరి జేబులో ఉండాలి?

రైస్ మిల్లులో ధాన్యాన్ని బకెట్లతో పైకెత్తే ఎలివేటర్ బెల్టు పట్టేస్తే మొదట చేసేది మోటారు ఆపడం. ఆ తర్వాత ఫిట్టర్ కింద గుంతలోకి దిగి బకెట్ల మధ్య చెయ్యి పెడతాడు. స్విచ్ బోర్డు ఉండేది మాత్రం ఏ గోడ అవతలో. బోర్డు దగ్గరికొచ్చినవాడికి గుంతలో మనిషి కనబడడు, గుంతలో ఉన్నవాడికి బోర్డు దగ్గర ఎవరున్నారో తెలీదు. మరమ్మతుల వేళ మనుషులు చనిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. పేపర్లో వార్త వచ్చేసరికి అంతా ‘నిర్లక్ష్యం’ అన్న ఒక్క మాటకు కుదించుకుపోతుంది. నిజానికి స్విచ్ వేసినవాడు రోజూ వేసినట్టే వేశాడు, అతని తప్పు వెతికితే పెద్దగా ఏమీ దొరకదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: పని సాగినంతసేపూ ఆ యంత్రాన్ని నడిపే అధికారం ఎవరి దగ్గరుంది? లోపల చెయ్యి పెట్టినవాడి దగ్గరే ఉండాలన్నది నా వాదన. అదీ మాట రూపంలో ఉంటే చాలదు. స్విచ్‌కి ఒక తాళం, దానికి ఒకే తాళంచెవి, ఆ చెవి అతని జేబులో.

అమెరికా 1989లో దీన్ని నిబంధనగా చేసింది. అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా తెచ్చిన ఈ పద్ధతిని మన ఫ్యాక్టరీల్లోనూ లాకౌట్-ట్యాగౌట్ అనీ, పొట్టిగా లోటో అనీ అంటారు. యంత్రాన్ని ఆపాలి, కరెంటు, ఆవిరి, గాలి, నూనె ఏ దారిన వచ్చినా ఆ దారిని మూల దగ్గరే మూయాలి, మూసినచోట తాళం వేసి పేరున్న ట్యాగ్ తగిలించాలి, లోపల మిగిలినదాన్ని వదిలించాలి, చివరికి నిజంగా చచ్చిందో లేదో పరీక్షించాలి. పదిమంది పనిచేస్తుంటే పది తాళాలు పడతాయి. ఆఖరివాడు తన తాళం తీసేదాకా స్విచ్ కదలదు. దీనివల్ల ఏటా సుమారు 120 ప్రాణాలు, 50 వేల గాయాలు తప్పుతాయని ఓషా అంచనా. అది నిబంధన పెట్టినవాళ్లే వేసుకున్న లెక్క కదా అనొచ్చు. అయితే అక్కడి ఆటో కార్మికుల సంఘం 1973, 1995 మధ్య చనిపోయిన తన సభ్యుల లెక్క తీసింది. 414 మరణాల్లో 83 ఇలా శక్తిని సరిగా కట్టడి చేయకపోవడం వల్లే జరిగాయి. ఐదింట ఒకటి.

తాళం లేకుండా నోటిమాట మీద నడిచే పద్ధతి ఎలా ఉంటుందో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ‘ఎల్‌సీ’ (లైన్ క్లియర్) తీసుకుంటాడు. ఆపరేటర్ ఫీడర్ ఆపి పుస్తకంలో రాసుకుంటాడు. పని అయ్యాక ఎల్‌సీ తిరిగిస్తే సరఫరా ఇస్తారు. పద్ధతి మంచిదే, రోజూ వేలమందిని కాపాడుతోంది. దానికి చిల్లుపడేది ఎక్కడంటే, అడిగిన ఫీడర్ ఒకటి, ఆపినది మరొకటి అయినప్పుడు. లేదా ఒకే ఫీడర్ మీద రెండు జట్లు పనిచేస్తూ, ఒక జట్టు ‘అయిపోయింది’ అన్నప్పుడు. లైన్‌ను తెంచే ఏబీ స్విచ్ హ్యాండిల్ కిందికి లాగినా పైన మూడు బ్లేడ్లలో ఒకటి తుప్పుపట్టి అతుక్కుపోయి ఉండొచ్చు, తలెత్తి చూస్తేగాని తెలీదు. అంతా సరిగ్గా జరిగినా ఏ ఇంట్లోదో జనరేటర్ వెనకనుంచి లైన్లోకి కరెంటు తోయొచ్చు. అందుకే టెస్టర్‌తో చూసి, తీగలకు ఎర్త్ రాడ్డు తగిలించాకే ముట్టుకోమంటారు. అది చేసినచోట పై తప్పులు ఎన్ని జరిగినా మనిషి బతికే అవకాశం ఉంటుంది.

నోటిమాట మీద నమ్మకం లేకపోతే కాగితం మీద రాస్తే సరిపోతుందనుకునేవాళ్లకు పైపర్ ఆల్ఫా కథ తెలియాలి. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని ఆ చమురు వేదిక మీద ఒక పంపును మరమ్మతుకు ఆపారు. దాని సేఫ్టీ వాల్వును వేరే పర్మిట్ మీద విప్పి, ఆ చోట రేకు బిళ్ల బిగించారు. పగటి షిఫ్టులో వాల్వు పని పూర్తికాలేదు. సంగతి రాత్రి షిఫ్టువాళ్లకు ముఖాముఖి చెప్పలేదు. రాత్రి పదికి కాస్త ముందు రెండో పంపు ఆగిపోయింది. పంపు మరమ్మతు పర్మిట్ దొరికింది, పని ఇంకా మొదలుకాలేదు కాబట్టి మొదటి పంపును నడపొచ్చనుకున్నారు. వాల్వు పర్మిట్ వాళ్ల కంటపడలేదు. గ్యాస్ లీకై పేలింది, 167 మంది పోయారు. అక్కడ కాగితం ఉంది, సంతకాలున్నాయి. ఆ పంపు దారికి తాళం పడి, చెవి వాల్వు విప్పినవాడి దగ్గరుంటే, కాగితం దొరకకపోయినా వాళ్లు ఆగి ‘ఇదెవరిది?’ అని అడగాల్సి వచ్చేది.

ఇంతకీ తాళం ఒక్కటే చాలదు. కరెంటు ఆగినా యంత్రంలో బలం దాగి ఉంటుంది. పైకి లేపిన ప్రెస్సు రామ్ ఆయిల్ ప్రెషర్ తగ్గితే తనంతట తానే దిగుతుంది. తొట్టె ఎత్తిన టిప్పర్ కింద పనిచేసే మెకానిక్‌కు ఇంజిన్ ఆపడం వల్ల ఒరిగేదేమీ లేదు, తొట్టెకు గట్టి ఊతం పెడితేనే రక్షణ. మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్ లోపలి కెపాసిటర్లు స్విచ్ ఆపాక కూడా కొన్ని నిమిషాలు ప్రాణం తీసేంత ఓల్టేజీ పట్టుకుని ఉంటాయి, ఎంతసేపు ఆగాలో మూత మీదే రాసి ఉంటుంది. పరీక్షించడంలోనూ ఒక మెలకువ ఉంది. టెస్టర్‌ను ముందు కరెంటున్నచోట పెట్టి వెలుగుతోందో లేదో చూడాలి, తర్వాత ఆపిన లైను మీద, మళ్లీ కరెంటున్నచోట. లేకపోతే పాడైపోయిన టెస్టర్ చెప్పే ‘కరెంటు లేదు’ను నమ్మి చెయ్యి పెట్టినట్టవుతుంది.

అభ్యంతరాలు లేకపోలేదు. ఎర్ర బటన్ నొక్కితే చాలదా అంటారు. ఆ బటన్ కంట్రోల్ సర్క్యూట్‌నే తెంచుతుంది, మెయిన్ లైన్ ప్యానెల్ దాకా వచ్చే ఉంటుంది, కాంటాక్టర్ అతుక్కుపోతే బటన్ మాట వినేవాడుండడు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడికి ఇవన్నీ ఎందుకంటారు. అనుభవం తన చేతిని కాపాడుకోవడానికి పనికొస్తుంది, గోడ అవతలివాడి చేతిని ఆపలేదు. కొన్ని పనులు కరెంటు ఉంటేనే అవుతాయన్నది మాత్రం నిజమైన అభ్యంతరం. బెల్టు వరస సరిచూడాలన్నా, తప్పు ఎక్కడుందో పట్టాలన్నా కాసేపు నడపాల్సిందే. అందుకు నిబంధనలోనే దారి ఉంది: మనుషుల్ని, పనిముట్లని బయటికి తెచ్చి, తాళం తీసి, నడిపి చూసి, మళ్లీ ఆపి తాళం వేయాలి. విసుగు పుట్టించే పనే, సందేహం లేదు. ప్రొడక్షన్ ఆగుతుందనే వాదనకు నా దగ్గర అంత ఓపిక లేదు. తాళం వేయడానికి పట్టేది నిమిషాలు, ఒక ప్రమాదం జరిగితే విచారణ పేరిట యంత్రం ఆగేది రోజులు.

మన దేశానికి ఇది పరాయి ఆలోచన అనుకోనక్కర్లేదు. పొరపాటున ‘ఆన్’ వైపు జారే అవకాశమున్న స్విచ్‌ను ఆపిన స్థితిలో తాళం వేసే ఏర్పాటుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 24వ సెక్షన్ చెప్పింది. పెద్ద ప్లాంట్లలో ఆ తాళాలు కనిపిస్తాయి. కంపెనీ ఎలక్ట్రీషియన్ తాళం వేస్తాడు, యంత్రంలోకి దూరేది మాత్రం కాంట్రాక్టరు తెచ్చిన కూలీ, అతనికి తాళమూ ఉండదు, ఆ తాళం సంగతీ తెలీదు. అలాంటప్పుడు పద్ధతి ఉన్నా అది కాపాడాల్సిన మనిషిని వదిలేసినట్టే. ఖర్చు మాటకొస్తే ఒక మంచి తాళానికి కొన్ని వందలు. చిన్న వర్క్‌షాపుల్లో పాతకాలం ఎలక్ట్రీషియన్లు ఫ్యూజు పీకి జేబులో వేసుకుని పనికి దిగేవాళ్లు, అదీ ఈ ఆలోచనే.

ఇక ఎప్పుడూ వచ్చే ప్రశ్న: తాళం వేసినవాడు మరిచిపోయి ఇంటికెళ్లిపోతే? కట్టర్‌తో కోసేయడం తేలికే, ప్రమాదమూ అక్కడే ఉంది. ఓషా నిబంధన ప్రకారం ముందు అతను ఫ్యాక్టరీలోనే లేడని తేల్చుకోవాలి. తర్వాత అతన్ని అందుకోవడానికి చేయగలిగిందంతా చేయాలి. ఆపైనే యాజమాన్యం నిర్దేశించిన పద్ధతిలో తాళం తీయాలి, మర్నాడు అతను పనిలోకి దిగేలోపే ‘నీ తాళం తీసేశాం’ అని చెప్పాలి. ఈ చివరి షరతును చాలామంది మర్యాద కోసం పెట్టినదనుకుంటారు. చెప్పకపోతే అతను పొద్దున్నే వచ్చి, తన తాళం ఇంకా ఉందనే ధైర్యంతో నేరుగా యంత్రంలోకే చెయ్యి పెడతాడు.