విడుదలైన స్త్రీ – మన కథావస్తువు

మన సాహిత్యానికి జైలు కొత్త వస్తువు కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని జైల్లోనే రాశారు. ఆ తర్వాత జైలు కవితలు, జైలు జ్ఞాపకాలు చాలా వచ్చాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం రాజకీయ ఖైదీలు రాసుకున్నవి. దొంగసారా కేసులోనో, చిల్లర దొంగతనంలోనో, మొగుణ్ణి చంపిందన్న నేరం మీదనో జైలుకు పోయిన ఆడది శిక్ష పూర్తిచేసుకొని ఊరికి తిరిగొస్తే ఏమవుతుందన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మన కథ ఆగిపోతున్నది. గేటు తెరిచి, ఆమె చేతికో గుడ్డసంచి ఇచ్చి, రచయిత సెలవు పుచ్చుకుంటాడు.

ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో నెల్లూరు చరిత్రలోనే చూడవచ్చు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో పొణకా కనకమ్మ రాయవేలూరు జైలుకు వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి ఆమెకు ఊరుంది, ఉద్యమముంది, 1923లో తాను నెలకొల్పిన కస్తూరిదేవి విద్యాలయముంది. జైలు ఆమె గౌరవాన్ని పెంచింది. అదే జైల్లో మామూలు నేరాల మీద ఉన్న స్త్రీలకు ఇవేమీ లేవు. ఆ స్త్రీలను దగ్గరగా చూసి కలత చెందినవారు దుర్గాబాయి. తామేం ఒప్పుకున్నామో తెలియకుండానే శిక్షలు పడిన నిరక్షరాస్యులను జైల్లో చూశాకనే ఆమెకు న్యాయశాస్త్రం చదవాలన్న పట్టుదల కలిగింది. 1937లో ఆంధ్ర మహిళా సభ, 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తరఫున వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాకోర్సులు ఆమె చొరవతో వచ్చాయి. చదువు మానేసిన స్త్రీకి రెండేళ్ళలో పరీక్ష, ఆ పరీక్షతో నర్సు పనో టీచరు పనో. బతుకు మళ్ళీ నిలబెట్టడమంటే ముందు కూలి దొరికే పని చూపించడమేనని ఆమె గ్రహించారు.

మన తీరానికి ఇంకొక అనుభవం కూడా ఉంది. 1871నాటి నేరజాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఎరుకలవాళ్ళ సెటిల్మెంటు నడిపింది. బిట్రగుంట దగ్గరి కప్పరాళ్లతిప్ప కూడా అలాంటి సెటిల్మెంటే. ఇక్కడి స్త్రీ ఏ నేరమూ చెయ్యనక్కర్లేదు. ఆ కులంలో పుట్టడమే నేరం. వెన్నెలకంటి రాఘవయ్య వంటివారి పోరాటం ఫలితంగా 1947లో మద్రాసులోనూ, 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. చట్టం పోయింది గాని దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. 2024 అక్టోబరులో సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు నిబంధనల్లోని కులవివక్షను కొట్టివేస్తూ, విముక్త జాతులను అలవాటు నేరస్థులుగా చూసే రాతలను కూడా తప్పుపట్టింది. మధ్యలో గడిచిన 72 ఏళ్ళు ఏ లెక్కలో వేసుకోవాలి?

తిరిగొచ్చే స్త్రీకి అడ్డం పడేవి పెద్ద విషయాలు కావు. దేశంలోని ఖైదీలలో స్త్రీలు వందకు నలుగురైదుగురే గనుక వాళ్ళ జైళ్ళు కొద్ది. రాజమండ్రి స్త్రీల జైలుకు ఈ తీరం నుంచి పోవాలంటే నాలుగువందల కిలోమీటర్లు దాటాలి. ములాఖత్‌కు పోవాలంటే రెండు రోజుల కూలి, రైలుఛార్జీ. మొదటి ఏడు వస్తారు, రెండో ఏడు ఉత్తరం రాస్తారు, తర్వాత అదీ ఉండదు. మగవాడు జైలుకు పోతే ఆలి ఎదురుచూస్తుంది. ఆడది పోతే మొగుడు ఇంకొకతెను తెచ్చుకుంటాడు. ఆమె తిరిగొచ్చేనాటికి ఇల్లు ఇంకొకరిది, రేషను కార్డులో పేరు లేదు, పిల్లలు ఎవరో మేనత్త దగ్గర. పట్టపుపాలేల్లో కులపెద్దలు దురాయి వేస్తే నీళ్ళబిందె దగ్గర కూడా పలకరించేవాళ్ళుండరు. మగవాడు జైలుకు పోయొచ్చాడంటే పాలెంలో కొంత భయం, కొంత పరపతి కూడా! ఈ వ్యత్యాసం మీద ఒక మంచి కథ నాకింతవరకు కనపడలేదు.

చట్టంలో ఆసరాలు లేకపోలేదు. 1958నాటి ప్రొబేషన్ చట్టం కింద జైలుకు పంపకుండా వదిలిన వ్యక్తికి, 12వ సెక్షను ప్రకారం, శిక్షతో వచ్చే అనర్హతలు అంటవు. ఆర్.డి. ఉపాధ్యాయ కేసులో 2006లో సుప్రీంకోర్టు, తల్లితో ఉన్న బిడ్డను ఆరేళ్ళవరకు జైల్లో ఉండనివ్వాలని, బిడ్డ జైల్లో పుడితే జనన ధృవపత్రంలో జైలు పేరు రాయకూడదని చెప్పింది. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. కాగితం మీద జైలు పేరు చెరిపెయ్యగలిగారు. నోటి మీద చెరపడం కోర్టు పని కాదు.

అది ఎవరి పని? 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం వెనకనే ఈ జిల్లాలో పొదుపు సంఘాలు పుట్టాయి. ఈ సంఘాలు బ్యాంకు అప్పుకు ఒకరికొకరు జామీను. అందుకే జైలునుంచి వచ్చిన ఆడదాన్ని చేర్చుకోవడానికి వెనకాడతాయి: ఆమె అప్పు ఎగ్గొడితే పదిమందీ మునుగుతారు. ఈ భయాన్ని నేను తప్పుపట్టను. పేదవాళ్ళ భయం అది. కాని అదే జామీను ఆమెకు దక్కినప్పుడు, ప్రొబేషన్ ఆఫీసరు ఇవ్వలేనిది దక్కుతుంది – పదిమంది నమ్మకం.

మా బడిలో ఒక కుర్రవాడుండేవాడు. తల్లి వృత్తి అన్న గడి ప్రతి ఏడూ ఖాళీగా వదిలేసేవాడు. నేనూ అడిగేవాణ్ణి కాదు, అది మంచితనమనుకున్నాను. ఆమె తిరిగొచ్చింది. సంఘంలో చేర్చుకోవడానికి రెండు సమావేశాలు తగవు పడ్డారట. మూడోసారి ఒక ముసలామె, “దాని వాయిదా తప్పితే నా పొదుపులోంచి కోసుకోండిమే” అందట. ఆ అప్పుతో తట్ట కొనుక్కుని సంత సంతకూ తిరిగింది. ఆ మరుసటి జూన్‌లో కుర్రవాడు కాగితం నా బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. గడిలో రాసివుంది: ఎండుచేపల బేరం.