రామానుజన్ పట్టికలో చేరని సంఖ్య

ఒక సంఖ్యను శేషం మిగలకుండా భాగించే సంఖ్యలను దాని భాజకాలు అంటారు. 293318625600 అనే సంఖ్యకు, అంటే 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600కు, 5040 భాజకాలు ఉండగా, దీనికంటే చిన్నదైన ఏ సంఖ్యకూ అన్ని భాజకాలు లేవు. తనకన్నా చిన్నవైన సంఖ్యలన్నిటినీ భాజకాల లెక్కలో మించిపోయే ఇలాంటి వాటిని అధిక సంయుక్త సంఖ్యలు అనవచ్చు. 12, 24, 36, 48, 60 ఈ కోవలోవే. వీటి నిర్మాణాన్ని లోతుగా పరిశోధించిన శ్రీనివాస రామానుజన్ 1915లో లండన్ గణిత సంఘం పత్రికలో సుదీర్ఘ వ్యాసం ప్రకటించగా, ఆ పరిశోధనకే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1916లో ఆయనకు పట్టా ప్రదానం చేసింది.

ఈ సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడదీస్తే 2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19 వస్తుంది. దీని భాజకంలో 2 అనే కారణాంకం అసలు లేకపోవచ్చు, లేదా ఒకటి నుంచి ఆరుసార్ల వరకు ఉండవచ్చు కాబట్టి, అందుకు ఏడు అవకాశాలున్నాయి; అదే విధంగా 3కు అయిదు, 5కు, 7కు మూడేసి, మిగిలిన నాలుగింటికి రెండేసి అవకాశాలుంటాయి. వీటన్నిటినీ గుణిస్తే, 7 × 5 × 3 × 3 × 2 × 2 × 2 × 2, అంటే 5040 వస్తుంది.

పై విభజనలో ఘాతాంకాలు, అంటే ప్రతి ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు గుణించబడిందో తెలిపే అంకెలు, 6, 4, 2, 2, 1, 1, 1, 1 అంటూ ఎక్కడా పెరగకుండా సాగడానికి బలమైన కారణం ఉంది. 2 × 3² అయిన 18కీ, 2² × 3 అయిన 12కీ ఆరేసి భాజకాలే ఉన్నాయి. పెద్ద ఘాతాంకాన్ని చిన్న ప్రధాన సంఖ్యకు ఇస్తే భాజకాలు తగ్గకుండానే సంఖ్య చిన్నదవుతుంది కనుక, 18 అధిక సంయుక్త సంఖ్య కాలేదు. చివరి ఘాతాంకం, 4, 36 అనే రెండు సందర్భాలలో తప్ప, ఎప్పుడూ 1 మాత్రమేనని కూడా రామానుజన్ నిరూపించారు.

ఈ సంఖ్యను 1 నుంచి 22 వరకు గల సంఖ్యలన్నీ నిశ్శేషంగా భాగిస్తాయి. భాగించలేని మొదటి సంఖ్య 23. దీని భాజకాల సంఖ్యయైన 5040 కూడా, 60 భాజకాలతో, స్వయంగా అధిక సంయుక్త సంఖ్యే కావడం మరో విశేషం.

ఇన్ని లక్షణాలున్న ఈ సంఖ్య, 6746328388800 వరకు రామానుజన్ కూర్చిన పట్టికలో మాత్రం చేరలేదు. పట్టికలోని ఆ చివరి సంఖ్య దీనికి సరిగ్గా 23 రెట్లు. 23 అనే కొత్త ప్రధాన సంఖ్య చేరడంతో దాని భాజకాలు రెట్టింపై 10080 అయ్యాయి. యంత్రాల సాయం లేకుండా చేతిలెక్కతో వందకు పైగా సంఖ్యలను వెదికి కూర్చిన ఆ పట్టికలో ఒక్కటి జారిపోవడం ఆయన సిద్ధాంతానికి ఏ లోటూ తేలేదు. వదిలిపోయిన సంఖ్య సైతం ఆయన నిరూపించిన నియమాలనే అక్షరాలా పాటిస్తోంది.