వెంట్రుకవాసి తేడా, జానెడు దూరం
సొంతంగా తూటాలు కూర్చుకునే రైఫిల్ షూటర్లను వేధించే చిక్కు: బుల్లెట్లు ఒక్కోటి ఒక్కో లోతున ఎందుకు దిగుతాయి?

వెయ్యి గజాల దూరం. అమెరికాలో జరిగే ఎఫ్-క్లాస్ పోటీల్లో ఆ దూరాన ఉండే నడిమి వలయం వెడల్పు 5 అంగుళాలు. టీ సాసరు కన్నా కాస్త చిన్నది. బుల్లెట్ వేగంలో సెకనుకు 10 మీటర్ల తేడా వచ్చిందంటే .308 రైఫిల్ గుండు అక్కడికి చేరేసరికి సుమారు పది అంగుళాలు పైకో కిందికో తగులుతుంది. గాలివాటం పట్టడంలో షూటర్ ఎంత ఘనుడైనా చేసేదేమీ ఉండదు. అందుకే ఈ ఆటలో చాలామంది దుకాణపు తూటాలను నమ్మరు. ఇత్తడి గుల్ల, ప్రైమర్, మందు, బుల్లెట్ విడివిడిగా కొని, బల్లకు బిగించిన ప్రెస్‌తో ఒక్కొక్కటిగా కూర్చుకుంటారు.

తంటా అక్కడే. డై ఒకటే, బిగింపు ఒకటే. అయినా యాభై తూటాలు కొలిస్తే పది రకాల పొడవులు. లోతు మారితే గుల్లలో మందుకు మిగిలే చోటు మారుతుంది. మరీ లోపలికి దిగితే పీడనం పెరుగుతుంది. మరీ బయటికుండి గొట్టంలోని రైఫ్లింగ్ గట్లను ఆనుకున్నా పెరుగుతుంది. మందు గరిష్ఠ స్థాయిలో పోసినప్పుడు ఇది స్కోరుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. కంటికి, చేతికి సంబంధించింది.

అయితే సగం సందర్భాల్లో తప్పు తూటాది కాదు, కొలతది. మ్యాచ్ బుల్లెట్ల కొసన చిన్న రంధ్రం ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆ కొస ఎప్పుడూ సమంగా తెగదు. ఒకే పెట్టెలోని బుల్లెట్ల పొడవులోనే మిల్లీమీటరులో పదో వంతు, ఒక్కోసారి అంతకు మించి తేడా ఉంటుంది. అడుగు నుంచి కొస దాకా కాలిపర్ పెట్టి కొలిచినవారికి కనిపించేది ఈ తేడాయే. .308 తూటాకు 2.810 అంగుళాలు అని ప్రామాణిక పుస్తకాల్లో ఉండే గరిష్ఠ పొడవు మేగజైన్‌లో, చాంబర్‌లో పట్టడానికి పెట్టిన హద్దు. గురికి కొలమానం కాదు. కొలవాల్సింది ముక్కు వంపులో రైఫ్లింగ్‌కు మొదట తగిలే చోటు వరకు. దాన్ని ఓజైవ్ అంటారు. కాలిపర్‌కు తగిలించే కంపారేటర్ అనే చిన్న ముక్క ఆ పని చేస్తుంది. ఆ కొలత అంగుళంలో వెయ్యింట ఒకటి రెండు వంతుల లోపు నిలబడితే నిశ్చింతగా నిద్రపోవచ్చు.

నిలబడకపోతే? బుల్లెట్‌ను నెట్టే కడ్డీ ఎక్కడ ఆనుతోందో చూడాలి. ముక్కుకు మార్కర్ పెన్నుతో రంగు పూసి, ఒకటి దించి చూస్తే చాలు. వంపు చుట్టూ ఉంగరంలా గీత పడితే సరే. కొసన రంగు చెరిగితే కడ్డీ లోపలి గుంట ఆ బుల్లెట్‌కు చాలడం లేదన్నమాట. కొసల్లోని ఎగుడుదిగుళ్లన్నీ నేరుగా లోతులోకి దిగుతున్నాయి. ఆ బుల్లెట్ ఆకారానికి సరిపడే కడ్డీ మార్చడమే మందు. (ఖరీదైన కొత్త ప్రెస్ కొనేవాళ్లు ముందీ పని చేస్తే బోలెడు డబ్బు మిగులుతుంది.)

కడ్డీ బాగానే ఉన్నా తేడా వస్తుంటే అనుమానించాల్సింది గుల్ల మెడను. పలుమార్లు పేల్చిన ఇత్తడి గట్టిపడి, స్ప్రింగులా ఎదురు తిరుగుతుంది. కొన్ని మెడలు బిగుతుగా, కొన్ని వదులుగా మారతాయి. మీట నొక్కే చేతికి ఆ తేడా తెలిసిపోతుంది. ఒకటి వెన్నలో దిగినట్టు దిగుతుంది, మరొకటి మొరాయిస్తుంది. మెడను కొలిమి పద్ధతిలో మెత్తబరచడం, అంటే అనీలింగ్, దీనికి విరుగుడు. తడి పద్ధతిలో తళతళలాడేలా కడిగిన గుల్లలతో మరో చిక్కు. లోపలి మసి పూర్తిగా పోయి, ఇత్తడి బుల్లెట్‌ను పట్టేస్తుంది. కాస్త గ్రాఫైట్ పొడి రాస్తే సర్దుకుంటుంది. నా ఉద్దేశంలో అసలు దొంగ ఎక్కువసార్లు ఈ మెడే. లోతులో తేడా దాని జాడ మాత్రమే. లోతును సరిచేసి మెడను వదిలేస్తే వేగంలో తేడా అలాగే ఉంటుంది.

మందు నిండుగా కూరినప్పుడు బుల్లెట్ మెల్లగా పైకి జరగడమూ కద్దు. గంట తర్వాత మళ్లీ కొలిస్తే బయటపడుతుంది. పొడవు ఎక్కువున్నవాటిని ఇంకాస్త దించవచ్చు. మరీ లోతుకు పోయినవాటిని విడదీయాలి తప్ప పేల్చకూడదు. ఏ మార్పైనా ఒక్కసారికి ఒక్కటే. లోతు సవరించాక మందు మళ్లీ తక్కువ మోతాదు నుంచే మొదలెట్టాలి.

బ్రిటన్‌లోని బిస్లీలో రాజు పేరిట ఇచ్చే ప్రైజ్ పోటీలో ఈ గొడవే లేదు. అందరికీ నిర్వాహకులిచ్చిన తూటాలే. మన దేశంలోనైతే లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. పైగా 2012 లండన్ ఒలింపిక్స్‌లో జాయ్‌దీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో నిలిచిన, 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కంచు గెలిచిన 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో వాడేది .22 రిమ్‌ఫైర్. దాని ప్రైమర్ మందు గుల్ల అంచులోనే ఉంటుంది కాబట్టి ఇంట్లో కూర్చుకునే వీల్లేదు. పదో వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. అక్కడ షూటర్ చేయగలిగిందల్లా వేర్వేరు లాట్లను తన తుపాకిలో పేల్చి చూసి, నప్పిన లాట్‌ను వీలైనంత ఎక్కువ కొని దాచుకోవడం.