అన్నభేది నీళ్లు తుప్పు రంగుకు తిరిగితే పైరుకు అందవు

పత్తిలో లేతాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుప ధాతు లోపం. (ముదురాకులు ముందు పసుపెక్కితే నత్రజని లోపం, దానికి అన్నభేది పనిచేయదు.) ఒంగోలు చుట్టుపక్కల సున్నం పాలు ఎక్కువున్న నల్లరేగళ్లలో ఇది కనిపిస్తుంటుంది. అన్నభేది కొట్టాం, అయినా పచ్చబడలేదనే రైతులు ముందు డ్రమ్ము సంగతి చూసుకోవాలి.

రాత్రి కలిపి ఉంచిన అన్నభేది నీళ్లు తెల్లారేసరికి తుప్పు రంగుకు తిరగడం మీరు చూసే ఉంటారు. అన్నభేదిలోని ఇనుము నీళ్లలో కరిగే రూపంలో ఉంటుంది. గాలిలోని ప్రాణవాయువు దాని నుంచి ఒక ఎలక్ట్రాన్ లాగేసుకుంటుంది. ఇవ్వడాన్ని ఆక్సీకరణం అంటారు, పుచ్చుకోవడాన్ని క్షయకరణం అంటారు. ఇచ్చేవాడు లేనిదే అప్పు పుట్టదు గదా, ఈ రెండూ అట్లాగే కలిసే జరుగుతాయి. ఎలక్ట్రాన్ పోయిన ఇనుము తుప్పుగా మారి అడుక్కి దిగుతుంది. ఆకు దాన్ని తీసుకోలేదు.

ఇప్పుడు పద్దు చూద్దాం. ఇక్కడ ఒక్కో ఇనుము ఇచ్చేది ఒకటే ఎలక్ట్రాన్. ఒక ప్రాణవాయువు అణువు పుచ్చుకునేది నాలుగు. కాబట్టి నాలుగు ఇనుములకు ఒక అణువు సరిపోతుంది. మీ పిల్లలు బడిలో సమీకరణం తుల్యం చేయడమంటే ఈ జమాఖర్చు సరిచూడటమే. బరువుల్లో లెక్కేస్తే, కిలో అన్నభేదిని పూర్తిగా చెడగొట్టడానికి సుమారు 29 గ్రాముల ప్రాణవాయువు చాలు. 200 లీటర్ల నీళ్లలో కరిగి ఉండేది ఒకటిన్నర గ్రాములే, దాంతో పాడయ్యేది 50 గ్రాములకు కాస్త అటూ ఇటూ. కానీ మూత లేని డ్రమ్ములోకి గాలి నుంచి కొత్తది దిగుతూనే ఉంటుంది. బోరు నీళ్లలో క్షారగుణం ఉంటే మరీ కష్టం. ఉదజని సూచిక 6 నుంచి 7కి పెరిగితే ఈ చర్య దాదాపు వంద రెట్లు వేగంగా సాగుతుంది.

నిమ్మ ఉప్పు వేయమనేది ఇందుకే. అది నీటి క్షారాన్ని విరుస్తుంది, ఇనుమును పట్టి ఉంచుతుంది. ముందు నిమ్మ ఉప్పు కరిగించి, ఆ తర్వాతే అన్నభేది వేయాలి. లీటరు నీటికి అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము. ఎకరాకు 200 లీటర్లయితే కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు అవుతాయి. కలిపిన వెంటనే సాయంత్రం పూట పిచికారి చేయాలి. వారం తర్వాత మరోసారి కొట్టాలి. వేరుశనగకూ ఇదే మోతాదు.

నేలలో చల్లితే పోలా అంటారు కొందరు. సున్నపు నేలలో అది త్వరగా తుప్పయిపోతుంది, డబ్బు దండగ. నీళ్లు నిలిచిన వరి మడిలో గాలి ఆడక ఇదంతా తిరగబడుతుంది, తుప్పే మళ్లీ కరిగే ఇనుమవుతుంది. మెట్ట నారుమడిలో వచ్చే పసుపు మాగాణిలో అంతగా రాకపోవడానికి కారణం ఇదే.

కొనేటప్పుడు సంచి విప్పించి చూడండి. లేత ఆకుపచ్చ పలుకులైతే తీసుకోండి. గోధుమ రంగు పొడి అయితే అది కొట్లోనే చెడిపోయిందని అర్థం.